డ్రోన్ దీపాలకు తెల్ల డబ్బాలు

కోసిగిలో శివలీలను పెళ్లయిన కొత్తలో మగ్గం మద్దమ్మ కోడలు అనేవారు. ఇంట్లో మగ్గం మూలపడ్డాక, భర్త హనుమేష్‌తో పాటు ఆమె కూడా ఏటా గుంటూరు వైపు మిరపకాయల కోతకు లారీ ఎక్కడం మొదలుపెట్టింది. దాంతో అలా పిలిచేవాళ్లూ తగ్గిపోయారు. ఏడాదిలో సగం రోజులు కంటికి కనపడని మనిషిని ఎవరు మాత్రం ఏమని పిలుస్తారు? మళ్లీ ఆమెకంటూ ఒక పేరు వచ్చింది మహిళా సంఘానికి మందు చల్లే డ్రోన్ వచ్చిన ఏడు. సంఘంలో పదో తరగతి పాసైన వాళ్లు ఇద్దరే ఉన్నారు. రెండో ఆమెకు అప్పుడు నెలలు నిండుతున్నాయి. అందుకని శివలీలే కర్నూలు పక్కన కల్లూరులో పన్నెండు రోజులుండి డ్రోన్ నడపడం నేర్చుకుని వచ్చింది. అప్పటినుంచి డ్రోన్ శివలీల అయింది.

పని తొందరగానే చేతికొచ్చింది. చిక్కల్లా వేళతోనే. కోసిగి పొలాల్లో పొద్దెక్కితే గాలి నిలవదు. ఈ చేలో కొట్టిన మందు పక్క చేలో పడుతుంది. పూత మీద తేనెటీగలు తిరుగుతుంటాయి. అందుకే రైతులు ఎండ చల్లబడ్డాకే రమ్మంటారు. పొద్దు గుంకేలోపు ముగించాలని కల్లూరులో చెప్పి పంపారు. కానీ చివరి ట్యాంకు సగంలో ఉండగానే కొండల వెనక వెలుతురు పడిపోయేది.

డ్రోన్‌కు పుట్టుకతోనే నాలుగు దీపాలుంటాయి, రెక్కకొకటి. ముందువి రెండూ ఎరుపు, వెనకవి రెండూ ఆకుపచ్చ. అది ఎటు మొహం పెట్టుకుని ఉందో నడిపేవాళ్లకు తెలియడానికే ఆ రంగులు. నెత్తిమీద ఉన్నంతసేపు బాగానే కనపడతాయి. కాస్త దూరం పోయాయంటే మాత్రం లేనట్టే. బావిలోకి టార్చి కొట్టినట్టు వెలుతురంతా నేరుగా కిందికే పడుతుంది.

ఆ కార్తీకంలో సుంకప్ప మిరపచేనుకు నల్లతామర పురుగు పట్టింది. శివలీల నాలుగు ట్యాంకులు కొట్టేసరికి మసక కమ్ముకుంది.

“ఇంక రేపు చేస్తాలే అన్నా” అంది ఆమె.

“ఇంకొక్క ట్యాంకే గదమ్మా, ముగించేసి పో. రేపటిదాకా పురుగు ఊరుకుంటాదా?” అన్నాడు సుంకప్ప.

కాదనలేక లేపింది. చేను చివరికి పోయాక ఒక గాలి విసురుకు డ్రోన్ గిర్రున తిరిగి ఆమె వైపు మొహం పెట్టింది. ఆ సంగతి ఆమెకు కనపడలేదు. కరెంటు స్తంభానికి దూరంగా జరుపుదామని రిమోట్‌లో పుల్లను కుడికి నెట్టింది. మొహం ఇటు తిరిగి ఉంది కాబట్టి అది ఎడమకు, నేరుగా స్తంభం మీదికే పోయింది. స్తంభం ఒరగకుండా లాగి కట్టిన తీగకు కొట్టుకుని రెండు రెక్కలు విరిగాయి.

“మనిషి మీద పడింటే ఏమయ్యేది?” అని అరిచాడు సుంకప్ప. ముగించి పొమ్మన్నది తానేనన్న మాట ఆయనా ఎత్తలేదు, శివలీలా ఎత్తలేదు.

మరమ్మతుకు కల్లూరు నుంచి భూపేష్ వచ్చాడు. డ్రోన్ నడపడం ఆమెకు నేర్పింది అతనే. కొత్త రెక్కలు బిగిస్తూ, “కంపెనీ దీపం అంతే అక్కా. దాన్ని ఎక్కువ దూరం పోనియ్యద్దు” అన్నాడు.

“చేను దూరంగా ఉంటే దగ్గరికి జరపమంటావా సామీ?” అంది శివలీల.

సంఘం లీడరు కృష్ణవేణమ్మ మీటింగు పెట్టింది. ఇంకొకసారి ఇట్లయితే డ్రోన్‌ను పక్క ఊరి సంఘానికి ఇచ్చేయాలని తీర్మానం రాసుకున్నారు. శివలీల కూడా దాని కింద సంతకం చేసింది. ఇంటికొచ్చేసరికి హనుమేష్ సంచి సర్దుతున్నాడు.

“దాని ఎంట పడి నువ్వొక్కదానివే ఈడ ఉండి ఏం జేస్తావు? మేస్త్రీ మన ఇద్దరికీ లారీలో జాగా పెట్టినాడు. పోదాం పా.”

“నేను రాను. చాత కాక పడగొట్టల్యా నేను. కనపడక పడింది. కనపడేటట్టు చేసుకుంటే సాలు.”

మాట అనేసింది గానీ ఎలా చేయాలో ఆమెకు తెలియదు. అన్నం తిన్నాక డ్రోన్‌ను వసారాలో బల్ల మీద పెట్టి దీపాలు వెలిగించి చూస్తూ కూర్చుంది. మద్దమ్మ వచ్చి పక్కన చతికిలబడింది. నలభై ఏళ్లు మగ్గం ముందు గడిపిన మనిషి. ఏ వెలుతురు ఎంతో ఆమెకు కొలత తెలుసు.

“ఏమ్మే, దాని మొగం నేలకేసి ఉండాదే” అంది ముసలామె. “మగ్గం గుంతలో మీ మామకు ఇట్లనే అయ్యేది. బల్బు ఒక్క చోటనే మండేది, అంచు పోగులు కనపడేవి కావు. తెల్ల కాగితానికి నూనె రాసి బుట్ట మాదిరి చేసి తొడిగినాడు. బల్బు అదే. వెలుతురు మాత్రం గుంతంతా నిండుకునింది.”

మర్నాడే శివలీల కాగితంతో చేసి చూసింది. బాగానే వెలిగింది గానీ మందు తుంపర తగిలి నానిపోయింది. ఆశా కార్యకర్త ఇంటినుంచి ఖాళీ మాత్రల డబ్బాలు తెచ్చి కోసి తొడిగింది. మందంగా ఉండి దీపం గుడ్డిదైపోయింది. చివరికి పెరుగు డబ్బాలు కుదిరాయి. పల్చటి తెల్ల ప్లాస్టిక్. పైన అచ్చు లేనివి వెతికి తెచ్చింది. రెండు వేళ్ల ఎత్తున కోసి, సైకిల్ ట్యూబు ముక్కలతో రెక్కల కింద బిగించింది. అరగంటకు వేడికి ఒకటి సొట్టపోయింది. వేడి బయటికి పోయేలా, తుంపర మాత్రం లోపలికి రాకుండా పై అంచు దగ్గర చిన్న బెజ్జాలు పెట్టాక ఆ బాధ తీరింది.

సాయంత్రం బడి మైదానంలో పరీక్ష పెట్టుకుంది. మంచం మీద డ్రోన్‌ను పెట్టి, హనుమేష్‌ను దాని దగ్గర నిలబడమంది. తను రెండు వందల అడుగులు లెక్కపెట్టుకుంటూ నడిచి వెళ్లింది. అతను డ్రోన్‌ను ఇష్టమొచ్చినట్టు తిప్పి పెట్టాలి. ఎటు చూస్తోందో ఆమె అరిచి చెప్పాలి. డబ్బాలు లేకుండా పదిసార్లలో నాలుగే సరిగా చెప్పగలిగింది. డబ్బాలు తొడిగాక పదికి పదీ చెప్పింది.

“ఇంకొకసారి” అన్నాడు హనుమేష్. మళ్లీ పదీ చెప్పింది.

ఆ వారంలోనే లారీ వచ్చింది. హనుమేష్ ఒక్కడే ఎక్కాడు. “ఫోన్ చేస్తా ఉండు” అన్నాడంతే. లారీ మలుపు తిరిగేదాకా ఆమె అక్కడే ఉంది. పెళ్లయ్యాక కోతలకు వేరుగా ఉండటం అదే మొదలు. ఇంటికొచ్చి ఆ పూట ఏ పనీ పెట్టుకోలేదు.

సుంకప్ప చేలో ఆ చివరి ట్యాంకు మేర అలాగే మిగిలిపోయింది. పురుగు అక్కడినుంచి మళ్లీ చేనంతా పాకుతుంటే వేరే దారి లేక ఆయనే కబురు పెట్టాడు. తాను దగ్గరుండి చూస్తానని, దీపాల రంగుల సంగతి ఆమెనడిగి తెలుసుకుని, ఆ చివర గట్టు మీద నిలబడ్డాడు. మూడో ట్యాంకు అయిపోవస్తుండగా వెలుతురు తగ్గింది, గాలి లేచింది. డ్రోన్ ఊగి మళ్లీ గిర్రున తిరిగింది.

“శివలీలా, ఎర్ర దీపాలు నీ దిక్కు తిరిగినాయి, సూడు!” అని అరిచాడు సుంకప్ప.

ఆమె అప్పటికే చూసింది. తొందరపడలేదు. డ్రోన్‌ను ఉన్నచోటే గాలిలో నిలిపింది, ఆకుపచ్చ దీపాలు తన వైపు వచ్చేదాకా మెల్లగా తిప్పింది, తిన్నగా వెనక్కి తెచ్చి దించింది. ఫ్యాన్లు ఆగాక గట్టు మీద కూలబడి సీసాడు నీళ్లూ తాగేసింది. సుంకప్ప చేనంతా నడుచుకుంటూ వచ్చాడు.

“నాకే తెలిసిపాయ గదమ్మా అది ఎట్ల తిరిగిందో! ఇంగ నడిపేదానివి, నీకు తెలీకుండా పోతాదా? ఆ పొద్దు నేను శానా మాట్లాడినాలే.”

సర్వీసుకు వచ్చినప్పుడు భూపేష్ ఆ డబ్బాలు చూసి ముందు జడిసిపోయాడు. “ఏందక్కా ఇది? మార్పులు చేస్తే వారంటీ పోతాది.”

“అంటించల్యా సామీ, తగిలించినా. పీకితే వచ్చేస్తాయి” అని ఒకటి పీకి అతని చేతిలో పెట్టింది.

అతను సాయంత్రందాకా ఉండి గట్టు చివర నిలబడి చూశాడు. ఫోటోలు తీసుకుని కంపెనీకి పంపాడు. జవాబైతే ఇంకా రాలేదు. ఈలోగా చుట్టుపక్కల సంఘాల నుంచి డ్రోన్ నడిపే ఆడవాళ్లు ఐదుగురు కోసిగికి వచ్చి, డబ్బాలు ఎలా కోయాలో, బెజ్జాలు ఎక్కడ పెట్టాలో నేర్చుకుని పోయారు. కృష్ణవేణమ్మ తీర్మానం పుస్తకంలో పాత వాక్యం కొట్టేయించింది. ముగ్గురు మాత్రం కొట్టేయొద్దన్నారు. వాళ్ల భయం వాళ్లది.

హనుమేష్ ఉగాదికి ముందు తిరిగొచ్చాడు. ఇప్పుడు శివలీల మందు కొట్టేటప్పుడు ఆ చివర గట్టు మీద నిలబడేది అతనే. తీగలూ చెట్లూ చూసి చెబుతాడు, ట్యాంకులో మందు కలుపుతాడు. వచ్చే ఏడు లారీ ఎక్కాలా వద్దా అన్నది ఇద్దరూ ఇంకా తేల్చుకోలేదు.