వెయ్యికి ఆరు పుంజీల కొసరు

యారాడలో బస్సు పూర్తిగా ఆగకముందే దూకేశాను. మా ఆఫీసులో ఫైళ్ల గదిలోంచి కంప్యూటర్ గదికి శిక్షణకి పిలిచిన కొద్దిమందిలో నేనొకణ్ణి. ఆ రోజే మొదటి క్లాసు అయింది. మా ఇంట్లో డిగ్రీ చదివింది నేనే. ఆ డిగ్రీకి అమ్మ మోసిన చేపల గంపలెన్నో సముద్రానికే తెలియాలి. పాడైన ఫ్లాపీ ఒకటి అడిగి తెచ్చుకుని, తీరం మీద చేపలు లెక్కపెడుతున్న అమ్మ కళ్ల ముందు ఆడించాను.

“ఏట్రా అది, మాడిపోయిన అప్పడమా?”

“కాదే అమ్మా! ఇందులో రాత దాసుకోవచ్చు. ఒక ఇంగ్లీసు అచ్చరానికి ఒక బైటు జాగా. అలాంటివి వెయ్యీ ఇరవై నాలుగైతే కిలోబైటు. ఇందులో మూడొందల అరవై కిలోబైట్లు పడతాయి.”

“కిలో అంటే వెయ్యని అప్పుడెప్పుడో నువ్వే సెప్పేవు. ఆ ఇరవై నాలుగేటి మరి?”

గతుక్కుమన్నాను. మర్నాడు అడుగుతానని మా ఆఫీసరు చెప్పి పంపింది సరిగ్గా అదే. చెప్పలేనివాళ్లు తిరిగి ఫైళ్ల గదికే.

అమ్మ చేతులు ఆగలేదు. నాలుగేసి చేపలు ఒక పుంజీ. ఇరవై ఐదు పుంజీలకి వంద. ఆమె ఇరవయ్యారోది కూడా గంపలో వేసింది. మా తీరంలో వంద అంటే నూట నాలుగు.

“మీ వెయ్యికి ఆరు పుంజీలు కొసరేమోరా. కొసరు లేకపోతే ఎవుడు కొంతాడు?”

ఎంత బాగా కుదిరిందో! మర్నాడు క్లాసులో లేచి అదే చెప్పేశాను. గది గొల్లుమంది.

“బావా, తక్కెడ కూడా తెచ్చేవా?” అన్నాడు వెనకనించి ఒకడు.

ఆఫీసరు మాత్రం నవ్వలేదు. “కొసరైతే పాతిక ఇవ్వచ్చుగా, ఇరవై నాలుగే ఎందుకయ్యా?” అని చాక్‌పీసు నా చేతిలో పెట్టి, గోడమీది స్విచ్చి చూపించారు. “ఇది ఎన్ని రకాలుగా ఉంటుంది?”

“రెండు సార్. వెలగడం, ఆరడం.”

“అదే బిట్. మెషీను లోపలి లెక్కంతా ఇలాంటి స్విచ్చిలతోనే. అలాంటివి ఎనిమిది కలిస్తే బైటు. పక్కన రెండో స్విచ్చి పెడితే ఎన్ని రకాలు?”

నాలుగు. పుంజీ! మూడోదానికి ఎనిమిది, నాలుగోదానికి పదహారు. రెట్టింపు చేసుకుంటూ రాశాను. పదో స్విచ్చి దగ్గర నా చేతికింద వెయ్యీ ఇరవై నాలుగు తనంతట తనే వచ్చి నిలబడింది.

“వెయ్యికి దగ్గరగా ఉందని కిలో అన్న పేరు వాడుకున్నారు, అంతే. వెళ్లి మెషీను ముందు కూర్చో,” అన్నారాయన.

సాయంత్రం అమ్మకి అంతా చెప్పాను. కొసరు కాదని, రెట్టింపుల లెక్కని.

“కుర్సీ ఇచ్చీసేరా నీకు?”

“ఇచ్చీసేరే.”

“మరింకేటి! పిలిసేది వెయ్యి, ఉండేది వెయ్యీ ఇరవై నాలుగు. నాను సెప్పిందేటి?” అంటూ ఇరవయ్యారో పుంజీ గంపలో వేసింది.

నేను వంగి, గంప అమ్మ తలకెత్తాను.