సుభద్రమ్మ జడ వేసే వేళ

మొన్న కొత్తగూడలో మా అపార్టుమెంటు లిఫ్టు ఎక్కగానే వట్టివేళ్లు వేసి కాచిన కొబ్బరినూనె వాసన తగిలింది. ఎవరో తలకు రాసుకుని అప్పుడే దిగిపోయినట్టున్నారు. నా అంతస్తు వచ్చినా దిగబుద్ధి కాలేదు. కిందికి వెళ్లి మళ్లీ పైకి వచ్చాను. ఈ వయసులో ఈవిడకిదేం పిచ్చి అని వాచ్‌మన్ అనుకుని ఉంటాడు, అనుకోనీ. ఆ వాసన మా సుభద్రమ్మది.

డెబ్బైల మొదట్లో ఇక్కడ ఫ్లైఓవరు లేదు, అద్దాల ఆఫీసులు లేవు. రాళ్లగుట్టలూ, మేము అంగూర్ తోటలనే ద్రాక్షతోటలూ ఉండేవి. మా ఇంటి ముందుగదిలోకి గోదావరి వైపు నుంచి వచ్చిన కుటుంబం కిరాయికి దిగింది. సుభద్రమ్మ, సర్కారు కొలువు చేసే ఆమె భర్త, నా తరగతే చదివే వాళ్లమ్మాయి లలిత. మా నాయన లారీ మీద పోతే ఎప్పుడొస్తాడో తెలియదు. అమ్మ పొద్దున్నే అంగూర్ తోట పనికి పోయి పొద్దుగూకాక వచ్చేది. సాయంత్రం సుభద్రమ్మ అరుగు మీద లలితకు నూనె రాసి జడ వేస్తూ, "ఇవాళ బళ్లో ఏమైంది?" అని అడిగేది. లలిత చెప్పేది. "తర్వాత?" అనేది తల్లి. ఇంకొంచెం చెప్పేది. మళ్లీ "తర్వాత?" రిబ్బను ముడి పడేదాకా అదే వరస. చెప్పడానికేమీ లేని రోజున కూడా లలిత ఏదో ఒకటి వెతికి చెప్పేది. నేను గడపలో కూర్చుని చూసేదాన్ని. నాకు కడుపు మండేది.

ఆ ఏడు పంద్రాగస్టుకు ఉపన్యాసం ఇవ్వడానికి సారు ఒక పిల్లను ఎంచుకోవాలి. లెక్కల్లో, చదువులో నేనే ముందు. కానీ అందరి ముందూ నిలబెడితే నాలుక పిడచకట్టుకుపోయింది. లలిత గలగలా మాట్లాడేసింది, సారు దాన్నే ఎంచుకున్నాడు. సాయంత్రం నా ముఖం చూసి సుభద్రమ్మ సంగతేమిటని అడిగితే, ఉన్నమాట అనేశాను. "లలితకు నువ్వున్నవు. గందుకే దానికి మాటలొస్తయి. మా అమ్మకు అంగూర్ తోట ఉన్నది."

ఆమె నూనెగిన్నె దగ్గరికి జరుపుకుంది. "నా పిల్లకి తక్కువ చెయ్యలేనమ్మా. నీకు లేకపోతే చూస్తూ ఊరుకోనూలేను. ఇలా వచ్చి కూర్చో" అంది. ఆ రోజు నాకూ జడ వేసింది, నన్నూ అడిగింది. రెండు ముక్కలు చెప్పేసరికి నాకు చెమట పట్టింది. లలిత మాత్రం లోపలికి వెళ్లి మూతి ముడుచుకుంది. "మా అమ్మని నువ్వు కూడా తీసుకుంటే నాకేం మిగుల్తుంది?" అని మర్నాడు దారిలో నిలదీసింది. అది అడిగినదాంట్లో తప్పేముంది? మంచి తల్లికి పుట్టడం దాని నేరం కాదు.

అసలు నొచ్చుకుంది మా అమ్మ. నా జడ చూసి నేరుగా ముందుగదికి వెళ్లింది. నేను వెనకే ఉన్నాను. "నా బిడ్డకు తల్లి లేదనుకున్నవా సుభద్రమ్మా? ఈ చేతులు జూడు. గీ మందు చేతులు దాని తలకెట్ల పెట్టాలె?" తీగలకు కొట్టే మైలుతుత్తం మందుతో అమ్మ వేళ్లు నీలంగా ఉండేవి, ఎంత తోమినా ఆ రంగు పోయేది కాదు. ఆ చేతులు నాకు తగలకూడదనే ఆమె ఎడంగా పడుకునేదని అంతవరకు నాకు తెలియదు. ప్రేమ లేక అనుకున్నాను.

సుభద్రమ్మ కళ్లు తుడుచుకుంది. "తల నేను దువ్వుతానండి. రోజంతా ఏమైందో మాత్రం మీరే అడగండి. దానికి చేతులక్కర్లేదు కదండీ."

అప్పటినుంచి అన్నాలయ్యాక అమ్మ గోడకు ఆనుకుని కూర్చుని అడిగేది. "ఇయ్యాల బడిల ఏమైందే?" నేను చెబుతుంటే, కునుకు తీస్తూనే, "మల్ల?" అనేది. తలవాలిపోయేది. నేను ఆగితే ఉలిక్కిపడి మళ్లీ, "మల్ల?" మరుసటి పంద్రాగస్టుకు నేనూ మాట్లాడాను. అది చూడకుండానే సుభద్రమ్మ వాళ్లు బదిలీ మీద వెళ్లిపోయారు. ఎక్కడున్నారో తర్వాత తెలియలేదు. ఆమెను ఒక్కసారి చూడాలని ఇప్పటికీ ప్రాణం కొట్టుకుంటుంది.

లలితకు ఉన్నది నాకు లేకపోవడం అన్యాయమే. దాని దగ్గరనుంచి తీసేస్తే మాత్రం అది నాకు వచ్చేదా? సుభద్రమ్మ తన పిల్లకు ఇచ్చింది ఇస్తూనే, నాకు మా అమ్మను ఇచ్చి వెళ్లింది.

అమ్మ పోయి చాలా ఏళ్లయింది. నలుగురిలో ఏదైనా చెబుతూ చెబుతూ మధ్యలో ఒక "మల్ల?" కోసం ఆగిపోవడం నాకు అలవాటు. నా మాట అయిపోయిందనుకుని అందరూ వేరే కబుర్లలో పడిపోతారు.