గురువుగారి గుమ్మం దాటిన మాట

పిల్లలమీద లైంగిక నేరాలకు పోక్సో చట్టం వచ్చిన కొన్నేళ్ళకు, మిరప కోతల కాలంలో, నన్ను పొదిలి వైపు ఒక స్టేషన్‌కు ఎస్సైగా వేశారు. ఆ మెట్ట ఊళ్ళలో మధ్యాహ్నాలు నిద్రలో నడుస్తున్నట్టుండేవి. కల్లాల నిండా ఎర్రగా ఆరబోసిన కాయలు, వాటిమీద వణికే ఎండ, ఊరి చివరి ఆశ్రమం మైకులోంచి లీలగా భజన.

ఆ ఆశ్రమం నుంచే పార్వతమ్మగారు వచ్చారు. టీచరుగా రిటైరై, అక్కడ ఉండి చదువుకునే పిల్లల్ని చూసుకునేవారు. కుర్చీ అంచున కూర్చున్నారు. మెల్లగా చెప్పారు. భజనలు నేర్పే శిష్యుడు తనతో తప్పుగా ప్రవర్తిస్తున్నాడని ఒక చిన్నపిల్ల ఆవిడకు చెప్పింది. ఆవిడ ఆశ్రమం గురువుగారికి విన్నవించారు. ఆయన నిలదీస్తే శిష్యుడు ఒప్పుకున్నాడు. అతనికి మండలం పాటు, అంటే నలభై రోజులు, మౌనదీక్ష విధించి, విషయాన్ని అక్కడితో ఆపమన్నారు గురువుగారు.

“గురువాజ్ఞ మీరి వచ్చానమ్మా. నా దగ్గర రుజువంటూ ఏం లేదు,” అన్నారావిడ.

“రుజువు వెతకడం మా పనండి. మీకు తెలిసింది చెప్పండి, చాలు,” అన్నాను.

పిల్లలమీద ఇలాంటి నేరం జరిగిందని తెలిసినవారెవరైనా పోలీసులకు చెప్పి తీరాలి. చెప్పకపోవడమూ నేరమే. ఇక పిల్లల్ని మేం స్టేషన్‌కు పిలవకూడదు. వాళ్ళు కోరిన చోటికి మహిళా అధికారి యూనిఫాం లేకుండా వెళ్ళి వినాలి. ఆ పాప తన మేనత్తవాళ్ళ కల్లానికి రమ్మంది. పేరు రాయకూడదు కనుక పాప అనే అంటున్నాను.

నేతచీర కట్టుకుని వెళ్ళాను. కాయల ఘాటుకు అందరి కళ్ళూ చెమర్చి ఉన్నాయి. వాళ్ళమ్మ పక్కనే కూర్చుంది.

“నువ్వు పోలీసంట గదా, టోపీ ఏది?” అంది పాప.

“ఇంట్లో పెట్టి వచ్చాను.”

“నేను చెబితే టీచర్ని తిడతారా?”

“తిట్టనివ్వను.”

కలలో చూసినదాన్ని గుర్తుచేసుకుంటున్నట్టు ముక్కలు ముక్కలుగా చెప్పింది. మధ్యలో ఆగి కాయలు ఏరేది. తొందరపెట్టలేదు. తన మాటల్లోనే రాసుకుని, చదివి వినిపించాను. తర్వాత వైద్యపరీక్ష, బాలల సంక్షేమ కమిటీ, మేజిస్ట్రేటు ముందు వాంగ్మూలం, అన్నీ వరసగా జరిగాయి. శిష్యుణ్ణి అరెస్టు చేశాం.

మా స్టేషన్‌లో సగంమంది గురువుగారికి మొక్కేవాళ్ళే. ఆయన దగ్గరికి నాతో రావడానికి ఎవరూ ముందుకు రాలేదు. ఒక్కదాన్నే వెళ్ళాను. ధూపం పొగలో ఆయన ప్రశాంతంగా కూర్చుని ఉన్నారు.

“గురువు పాదాల దగ్గర చెప్పుకున్న మాట గుమ్మం దాటకూడదమ్మా. అది మా సంప్రదాయం,” అన్నారు.

“ఈ చట్టంలో గురువులకు మినహాయింపు లేదు స్వామీ. పైగా ఇక్కడి పిల్లలు మీ బాధ్యత.”

“అతను పశ్చాత్తాపపడ్డాడు.”

“అతను దీక్షలో ఉన్నన్నాళ్ళూ ఆ పాప కూడా ఈ ఆవరణలోనే పడుకుంది స్వామీ.”

ఆయన కళ్ళు మూసుకున్నారు. నేరం తెలిసీ చెప్పనందుకు ఆయనమీదా కేసు పెట్టాను.

ఊళ్ళో పార్వతమ్మగారికి పాలు పోయడం మానేశారు. ఆవిడ కనిగిరిలో చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోయి, వాయిదాలకు అక్కడినుంచే బస్సులో వచ్చి సాక్ష్యం చెప్పారు. శిష్యుడికి జైలుశిక్ష పడింది. గురువుగారికీ శిక్ష పడింది. పాప మేనత్త ఇంట ఉండి చదువుకుంది.

భక్తి ఉన్నచోట పిల్లలు నోరు విప్పరని అంతకుముందు అనుకునేదాన్ని. విప్పుతారు. విన్న పెద్దలు ఆ మాటను ముందుగా తాము గౌరవించే మనిషి దగ్గరికి తీసుకెళ్తారు. అక్కడ దానికి తీర్పు దొరుకుతుంది గాని, దర్యాప్తు జరగదు. ఆ తర్వాత ఏ స్టేషన్‌కు వెళ్ళినా, ఆశ్రమమైనా చర్చి హాస్టలైనా మదరసా అయినా, పిల్లల్ని చూసుకునేవాళ్ళకు నేను చెప్పిన మాట ఒక్కటే: ముందు మాకు చెప్పండి, మీ పెద్దలకు తర్వాత చెప్పుకోవచ్చు.