మరణాలు లేని వీధి

కరోనా తగ్గిన మరుసటి సంవత్సరం. నర్సుగా చేరిన నేను అప్పటికి పెద్దపల్లిలో ఆరోగ్య శాఖ సూపర్‌వైజర్‌ని. కొత్తగా ఒక స్క్రీనింగ్ వ్యాన్ వస్తోంది. స్క్రీనింగ్ అంటే జబ్బు ముదరక ముందే వెతికి పట్టుకోవడం. వ్యాన్ ఒక్కటే, ఊళ్లు బోలెడు. ముందు ఎక్కడికి పంపాలో తేల్చే పని నా నెత్తిన పడింది.

యాభై ఏళ్లలోపు వాళ్లలో క్యాన్సర్ మరణాలు ఏ ప్రాంతంలో ఎక్కువో పోల్చమన్నారు. ఉత్త సంఖ్యలు పోలిస్తే లాభం లేదు. గోదావరిఖని బొగ్గు గనుల పట్నం, అక్కడ జనం ఎక్కువ, చావులూ ఎక్కువే ఉంటాయి. అందుకే చనిపోయినవాళ్ల సంఖ్యను అక్కడ ఆ వయసులో ఉన్న జనంతో భాగిస్తాం. దాన్నే రేటు అంటాం. చిన్న ఊళ్లో ఒక్క మరణం తేడా వచ్చినా రేటు ఎగిరిపడుతుంది కాబట్టి కొన్నేళ్లవి కలిపి లెక్కేశాను. అయినా రామగిరి మండలంలోని ఒక చిన్న ఊరు అన్నిటికన్నా పైన నిలబడింది. అట్టడుగున గోదావరిఖనిలోని ఒక కిరాయి ఇళ్ల వీధి ఉంది. కాంట్రాక్టు కార్మికులు, ఆటోవాళ్లు, కుట్టుపని చేసే ఆడవాళ్లు ఉండే వీధి అది. గాలిలో, నీళ్లలో రెండుచోట్లా నాకు పెద్ద తేడా కనబడలేదు. మరి రేటులో ఇంత తేడా ఎందుకు? ఇలాంటిది దొరికితే నాకు అన్నం సహించదు.

"వ్యాన్ ఆ ఊరికే," అన్నారు మా ఆఫీసరు. ఒకసారి చూసొస్తానని మాత్రం అన్నాను.

ఊళ్లో మొదటి ఇల్లు లచ్చయ్య కాకది. కోడలిని పోగొట్టుకున్న ముసలాయన. మంచం వాల్చి కూర్చోబెట్టాడు.

"మా ఊరికి పిల్లనిస్తలేరు బిడ్డా. క్యాన్సర్ ఊరని పేరు పడ్డది," అన్నాడు.

"నీ కోడలు ఏం పని చేస్తుండె కాకా?"

"గోదావరిఖనిల మిషను కుడుతుండె. పెండ్లయిన కాడికెల్లి వాళ్లు ఆడ్నే కిరాయికున్నరు. బగ్గ ముదిరినంక ఈడికి తెచ్చిన్రు."

"దవాఖాన ఆడ దగ్గర గదా, మరి ఈడికెందుకు?"

ఆయన నన్ను వింతగా చూశాడు. "కిరాయి ఇంట్ల పానం పోతే ఓనరు ఊకుంటడా? దవాఖానల పోయినా పీనుగను గడప దాటనియ్యరు. సొంతిల్లున్న కాడికి తెచ్చుకోవాలె గదా!"

తర్వాతి ఇంట్లోనూ ఇదే కథ. ఆ పక్కింట్లోనూ అంతే. నేనూ ఈ ప్రాంతం మనిషినే. కిరాయి ఇంటి ముందు రోడ్డు మీద టెంటు వేసి శవాన్ని పెట్టుకున్న కుటుంబాలను చూశాను. ఆ ఆచారం నా లెక్కలోకి కూడా చొరబడుతుందని మాత్రం అనుకోలేదు. మరణం ఎక్కడ జరిగితే అక్కడే నమోదవుతుంది. వీళ్లు బతికింది ఖనిలోని ఆ కిరాయి ఇళ్ల వీధిలో, ప్రాణం పోయింది ఊళ్లో. ఊరికి చెడ్డపేరు, వీధికి మంచిపేరు అట్లా వచ్చాయి. బొగ్గు దుమ్ము ఏ పాపమూ ఎరగదని నేననను. ఈ పోలిక మాత్రం దాని సంగతి ఏమీ చెప్పలేదు.

జబ్బు పడేది ఆ వీధిలోనే అని చెబితే ఆఫీసరు కాసేపు గొణిగి ఒప్పుకున్నారు. వ్యాన్ కిరాయి ఇళ్ల వీధికి వెళ్లింది.

ఇల్లలకగానే పండగ కాదు. ఒక్కరూ రాలేదు. తలుపు సందుల్లోంచి చూస్తున్నారు. మంచినీళ్లు అడిగే వంకతో ఒక పోర్షన్లోకి వెళ్లాను. సరిత అని, ముప్పై దాటిన మనిషి, జాకెట్లు కుడుతోంది. మాటలు కలిశాక తలుపు దగ్గరికి వేసి, నా చెయ్యి తీసుకుని తన రొమ్ము మీద పెట్టుకుంది. గడ్డ గట్టిగా తగిలింది.

"శానా రోజులాయె అక్కా. వ్యాన్ కాడికైతే రాను. ఓనరమ్మ చూసిందంటే ఖాళీ చెయ్యమంటది. పిల్లల బడి ఈడ్నే ఉన్నది."

నాకు కోపమూ వచ్చింది, భయమూ వేసింది. ఓనరమ్మ రాజవ్వను నాలుగు దులుపుదామనే మేడ ఎక్కాను. సరిత పేరు ఎత్తకుండా, కిరాయికున్నవాళ్లు పరీక్షకు ఎందుకు జంకుతున్నారని అడిగాను. ఆమె అందుకుంది.

"నన్ను రాకాసి అనుకుంటున్నరు గదా మేడం? కింది పోర్షన్ల ఒక ముసలాయిన పోయిండు. పోయిన నచ్చత్రం మంచిగ లేదని పంచాంగం చూసిన అయ్యగారు ఇల్లు పాడు వెట్టమన్నడు. నెలలకొద్ది తాళమే. నా మొగడు పోయినంక నాకీ కిరాయే బువ్వ."

దులపడానికి వెళ్లినదాన్ని ఆమె పక్కన కూర్చున్నాను. "అయితే ముందు నువ్వే రా అవ్వా, నీకూ చూస్తం," అన్నాను.

"నాకేం రోగం? గుండ్రాయి లెక్క ఉన్న!"

"గుండ్రాయివైతే భయమెందుకు?"

పౌరుషం పనిచేసింది. రాజవ్వ కొప్పు సవరించుకుని వ్యాన్ ఎక్కింది. ఆమె దిగేసరికి ఆడవాళ్లు వరుస కట్టారు. అందులో సరిత కూడా ఉంది.

ముక్క పరీక్షలో, అంటే బయాప్సీలో, సరితది క్యాన్సరేనని తేలింది. ఇంకా ముదరలేదు, ఆపరేషన్‌తో నయమయ్యే దశే. హైదరాబాద్ దవాఖానకు రాసిన కాగితాలు పట్టుకుని నేను వెళ్లేసరికి ఆమె భర్త మంచం, మిషను, గిన్నెలు ట్రాలీ ఆటోలో ఎక్కిస్తున్నాడు. పొమ్మని ఎవరూ అనలేదు. ఈ జబ్బు వస్తే సామాను సర్దుకుని ఊరికి పోవాలి. అతనికి తెలిసిన దారి అదొక్కటే. సరిత గోడకానుకుని ఏడుస్తోంది.

రాజవ్వ మెట్లు దిగి వచ్చింది.

"ఏడికి పోతున్నరు? దవాఖానకా, ఊరికా?"

"దవాఖానకే అవ్వా. ఆడికెల్లి ఊరికి," అన్నాడతను తల దించుకుని.

"దవాఖానకైతే మంచమెందుకురా? దించు. తాళమేసి పోయి, సరితను బాగు చేయించి జల్ది తోల్కరా. పిల్లగాండ్లు నా కాడ తింటరు."

నేను అక్కడే ఏడ్చేశాను, దాచను. ఆపరేషనై నయమైన సరిత ఇప్పుడూ ఆ పోర్షన్లోనే జాకెట్లు కుడుతోంది. నావి కూడా, ఎన్నిసార్లు చెప్పినా కాస్త బిగుతుగానే.

ఆ తర్వాత పట్టికలో మరణాలు లేని వీధి కనబడితే నేను సంతోషించడం మానేశాను. అక్కడివాళ్లు చనిపోవడానికి ఎక్కడికి వెళ్తున్నారో ముందు కనుక్కుంటాను.