చాపిన కాలు

మహబూబ్‌నగర్ దగ్గర ఒక ఊళ్లో మేం కొందరు ఆర్కిటెక్టులం జీతం లేకుండా అంగన్‌వాడీ కట్టాం. తెరిచిన రోజు మూడేళ్ల పాప ఒకతె లోపలికొచ్చి, బొమ్మలవైపు చూడకుండా స్తంభం పక్కన కూర్చుని కాలు చాపింది. పట్టీలు చూపిస్తోందనుకుని నవ్వాను.

తల్లి సిగ్గుపడింది. "పట్నంల కూలిపని చేసేటప్పుడు కిందవడకుండ కాలికి చీరపేలిక కట్టి పిల్లర్‌కు కట్టేస్తుంటి సార్. గీడ గూడ కడ్తరనుకుంటాంది."

"ఏ బిల్డింగ్‌లో?" అన్నాను.

"గట్లంటరేంది సార్! మీరు గీసిందే, గా పదంతస్తులది. వారం వారం మా పక్కపొంటే పోతుంటిరి గద."

అవును, వెళ్లేవాణ్ణి. గుడ్డ అడ్డమొస్తే బూటుకు తగలకుండా దాటేవాణ్ణి. దాని చివర ఎవరున్నారో ఒక్కసారి కూడా చూడలేదు.

పాప ఇంకా కాలు చాపుకునే ఉంది, కట్టేవాళ్ల కోసం చూస్తూ.