జంగ్లీఘాట్ మహారాణి

ఆ రోజుల్లో డిప్లొమా చేతికొచ్చిన ప్రతివాళ్ళకీ లోకమంతా తమ కోసమే ఎదురుచూస్తోందని ఒక నమ్మకం ఉండేది. నా కోసం నిజంగా ఎదురుచూసినవి కుక్కలు. సునామీ వెళ్ళిన మరుసటేడు, ఇళ్ళు పోయినవాళ్ళ కుక్కలన్నీ పోర్ట్‌బ్లెయిర్ వీధికుక్కల్లో కలిసిపోయి, ఈతకు ఆరేసి పిల్లల్ని పెడుతున్నాయి. వాటిని పట్టుకుని, పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్‌కి తేవడం పశువుల ఆసుపత్రిలో నా తాత్కాలిక ఉద్యోగం. (అమ్మ మాత్రం చుట్టుపక్కలవాళ్ళకి "ఆఫీసు పని" అని చెప్పేది.) మూడు వారాల్లో నేను తెచ్చినవన్నీ మగకుక్కలే. "అమ్మాయ్, పది మగవాటికి చేసినా పదకొండోది ఒక్కటి చాలు. ఆడదాన్ని తే. శనివారంలోగా తేలేదా, కూర్చుని రిజిస్టర్లు రాసుకో," అన్నారు డాక్టరుగారు.

ఊళ్ళో చేపల రేవు జంగ్లీఘాట్‌లో ఒక గోధుమరంగు ఆడకుక్క ఉండేది. అందరూ మహారాణి అనేవారు. ఎదకొచ్చిందేమో, ఏడు మగకుక్కలు వెంట తిరిగేవి. మా వ్యాన్ చప్పుడు వింటే చాలు, పడవల కింద దూరేది. నాలుగు రోజులు వల పట్టుకుని పరిగెత్తాను. రెండుసార్లు అందులో చిక్కింది నేనే. శుక్రవారం ఓపిక చచ్చి చేపల రేవులో కూలబడి చూస్తుంటే ఒక సంగతి కనిపించింది. బలిసిన మగకుక్కలు దగ్గరకొస్తే మహారాణి పళ్ళు చూపించి చతికిలబడేది. అందరికన్నా వెనక కుంటుకుంటూ వచ్చే ఒంటిచెవి కుక్కకు మాత్రం తనే ఎదురెళ్ళి, తోక పక్కకు తిప్పి నిలబడేది.

"భయ్యా, రాణిగారిని వదిలేసి పెళ్ళికొడుకుని పట్టుకుందాం," అన్నాను డ్రైవరుతో.

"పాగల్ అయిపోనావేటమ్మా? ఆ లంగ్డా కుంటోడితో మనకేటి పని?"

చేప తలకాయ చూపించగానే ఒంటిచెవివాడు మర్యాదగా వ్యాన్ ఎక్కాడు. నేను తలుపు వెనక నక్కాను. మహారాణి అటూ ఇటూ చూసి, ఒక్క దూకు దూకి వాడి పక్కన చేరింది. ఆ వెనకే మిగతా ఆరూ! తలుపు మూసి గడియ పెట్టేశాను.

అబర్డీన్ బజార్ మీదుగా వెళ్తుంటే లోపలి గోలకి పాన్‌షాపాయన, "శాదీ హై క్యా?" అని అరిచాడు. "హా, బారాత్ హై!" అని పెళ్ళి ఊరేగింపులోలా కిటికీలోంచి చెయ్యి ఊపాను. డాక్టరుగారు వ్యాన్ తలుపు తెరిచి, చూసి, మళ్ళీ మూసి, "అమ్మాయ్, మన దగ్గర బోన్లు ఆరే ఉన్నాయి కదా," అన్నారు. ఆయన నోట అంతకన్నా గొప్ప పొగడ్త ఎవరూ విని ఉండరు.

తర్వాత నా పెళ్ళి జరిగింది, బ్యాండు కూడా పెట్టారు. కానీ అంత సంబరంగా చెయ్యి ఊపిన ఆ పిల్ల మళ్ళీ ఏ కిటికీలోనూ నాకు కనిపించలేదు.