ఊట దగ్గర మర్యాద

పొద్దున మెలకువ రాగానే దేవమణి కళ్లు తెరవదు. దుప్పటి గడ్డం దాకా లాక్కుని ముందు చెవి ఒగ్గుతుంది. ఇంటి వెనక వాలులో ఊట ఉంది. రాళ్ల సందులో పుట్టిన నీరు చెక్కదోనెలోంచి పారి బండమీద పడుతుంటుంది. ఆ చప్పుడు విని, పక్కమీద ఉండగానే, ఇవాళ బిందె నిండడానికి ఎంతసేపు నిలబడాలో ఆమె చెప్పగలదు. వానలప్పుడు ఊట ఆగకుండా కబుర్లు చెబుతుంది. ఎండలు ముదిరేసరికి ఆచితూచి ఒక్కో మాట అంటుంది.

అనంతగిరి రోడ్డు దిగి కాఫీ తోటల మధ్య గంట నడిస్తే నలభై గడపల ఆ ఊరు వస్తుంది. దేవమణి అక్కడికి కోడలిగా వచ్చి ఇరవై ఆరేళ్లు. అంగన్‌వాడీలో వంట చేస్తుంది. ఆదివారం మిషన్ చర్చిలో చివరి వరుసలో కూర్చుని, పెదాలు మాత్రం కదుపుతూ పాడుతుంది. పదిమందిలో నోరు విప్పాలంటే ఆమెకు ఎక్కడలేని బెరుకు.

నిరుడు నవంబరులో ఊరికి కబురు వచ్చింది. ఉద్యోగుల కోసం ఎనభై ఇళ్ల కాలనీ కడతారట. ఊట కింద ఉన్న తడినేల ఆ ప్లానులోకి వస్తుందట. కాలనీకి కూడా ఈ ఊట నీళ్లే చాలుతాయో లేదో కొలవడానికి ఇంజినీరమ్మ వస్తుందట.

మనిషి వస్తుందంటే ఊరు ఊరుకోదు. ఆడవాళ్లు బండమీది నాచు గీకారు. మగవాళ్లు దారి చెక్కారు. అంతా అయ్యాక ఊరిపెద్ద బుధు ధారవైపు చూసి పెదవి విరిచాడు.

"వొచ్చినోలికి ఈ సన్నధార సూపిత్తామేటి? పరువు పోదూ?"

ఊట పుట్టిన చోటే ఒక రాయి ఉంది. ఎవరు పెట్టారో, ఎన్నాళ్లయిందో ఎవరికీ తెలియదు. దానికి కుడివైపు నీరు దోనెలోకి వెళ్తుంది, ఎడమవైపు నీరు చిన్న కాలువగా తడినేలలోకి జారుతుంది. బుధు ఆ ఎడమ కాలువకు అడ్డం వేయించాడు. మట్టి మెత్తింది దేవమణే. ఇల్లు అలికినంత నున్నగా మెత్తి, బురద కనబడకుండా పచ్చగడ్డి పరిచింది.

మర్నాడు పొద్దున ఊట పెళ్లివారి ఇల్లులా మోగింది.

ఇంజినీరు ప్రసన్నకు పాతికేళ్లుంటాయి. కళ్లజోడు మీది మంచు తుడుచుకుంటూ వచ్చి, ఇరవై లీటర్ల బకెట్ ధార కింద పెట్టి ఫోన్లో సెకన్లు చూసింది.

"ఇరవై ఐదు సెకన్లే!" అంది సంబరంగా. "మీరు వాడుకోగా బోలెడు మిగులుతోంది. కాలనీకి సరిపోతుంది."

"మా ఊటంటే ఏటనుకున్నావమ్మా!" అని బుధు మీసం దువ్వాడు.

మిగులుతోందన్న మాట దగ్గర దేవమణి ఆగిపోయింది. ఇక్కడ నీరు మిగలడం ఆమె ఎన్నడూ చూడలేదు. సగం ఊరు తాగుతుంది, సగం నేల తాగుతుంది. కిందికి చూసింది. మంచు కింద తడినేల కప్పల అరుపు కూడా లేకుండా పడి ఉంది. ప్రసన్న కలం కాగితం మీద కదులుతోంది. ఇప్పుడు చెబితే బుధు తల వంగుతుంది. చెప్పకపోతే ఆ నేలమీద ఇళ్లు లేస్తాయి.

"మేడంగారూ, రాయకండి."

"ఏటే?" అన్నాడు బుధు.

"అది మేం సేసిన ధారమ్మా. ఉన్న ధార కాదు."

"ఓలమ్మో! నిన్న అలికినదానివి నువ్వు కాదేటే?"

"నానే మామా. అందుకే నానే సెప్పాల."

గడ్డి తీసేసి మట్టిలో చేతులు పెట్టింది. కట్ట కరిగి నీరు గుటగుటమంటూ ఎడమవైపు మళ్లింది. ప్రసన్న మళ్లీ బకెట్ పెట్టింది. ఈసారి యాభై రెండు సెకన్లు.

"ఇంక మన గంజికుండలు కూడా తెచ్చి సూపించీ," అని బుధు అటు తిరిగి కూర్చున్నాడు.

"ఎందుకు మూశారు తాతా?"

"సుట్టమొత్తే సిరిగిన సాప ఏత్తామేటమ్మా?"

ప్రసన్నకు నవ్వాలో వద్దో తెలియలేదు. కాలువ వెంట కిందికి దిగింది. ఆమె చేతిలోని ప్లానులో ఆ చోటు 'బీడు' అని ఉంది. నాలుగడుగులు వేయగానే బూట్లు కూరుకుపోయాయి. దేవమణి చెయ్యి అందించింది. మంచులో తుంగపొదలు దగ్గరికి వచ్చేదాకా కనబడటం లేదు. కాలి పక్కనుంచి గోరంత పీతలు పక్కకు పరుగెడుతున్నాయి. ఎక్కడో సొరంగంలో దూరిన గూడ్సు బండి చప్పుడు కాసేపు భూమిలోంచి వచ్చినట్టు వచ్చి ఆగింది. దేవమణి ఒక కర్ర దించి పైకి లాగింది. ఆ గుంతలోకి నీరు మెల్లగా, ఎవరో పిలిస్తే వచ్చినట్టు, పైకి వచ్చింది.

"ఇది తాగి దాసుకుంటాదమ్మా. ఎండలకి కింద మడులకి ఇడుత్తాది. ఇక్కడ గోడలు లెగిత్తే ఏటి తాగుద్ది?"

ప్రసన్న వంగి గుంతలో వేలు ముంచి చూసింది. తర్వాత కాగితం మీద 'మిగులు' కొట్టేసింది, ప్లానులో 'బీడు' కూడా కొట్టేసింది.

"ఒక్కరోజు కొలతతో ఏమీ తేల్చకూడదు. ఎండాకాలం కూడా చూడాలి, ఏడాది పొడుగునా చూడాలి. కానీ నేను వారం వారం రాలేను ఆంటీ."

"నానున్నాను కదా!"

తన గొంతు అంత గట్టిగా పలకడం విని దేవమణే ఉలిక్కిపడింది.

బుధు ఆమెతో పదిరోజులు మాట్లాడలేదు. పదకొండో రోజు వచ్చి, గడ్డిపోచ కాలువకు అడ్డం పడిందని తిట్టి వెళ్లాడు.

కాలనీ సంగతి ఇంకా తేలలేదు. మొన్న మే నెలలో బకెట్ నిండడానికి నూట పది సెకన్లు పట్టింది. ప్రతి సోమవారం అంగన్‌వాడీకి వెళ్లేముందు దేవమణి కొలిచి, ప్రసన్నకు ఫోన్ చేసి చెబుతోంది.